ఫిలిప్ పోసిన ఆయిల్

ఖానాపూర్‌లో మెథడిస్టు చర్చికి గంట ఉంది, ఆ గంట కొట్టడానికి ప్రేమమ్మ ఉంది. అయినా ఆ వీధి జనం ఆదివారం పూట లేచి తలకు నీళ్లు పోసుకునేది గంట విని కాదు, ప్రేమమ్మ వాకిట్లో బండి చప్పుడు విని. ముందు బండి మోగాలి, తర్వాత గంట మోగాలి. ఇది ఎవరూ పెట్టిన నియమం కాదు. ప్రేమమ్మ చేస్తూ పోయింది, జనం అలవాటు పడ్డారు, అంతే.

బండి ఆమె భర్త ఫిలిప్‌ది. వారమంతా మక్కచేనులో, ఆదివారం వాక్యంలో గడిపిన మనిషి. జీతం లేని బోధకుడు. ఇక్కడ ఆరాధన కాగానే బండెక్కి, చుట్టుపక్కల పల్లెల్లో నాలుగిళ్ల సంఘాలకు వాక్యం చెప్పి, పొద్దుగూకే వేళకు ఇల్లు చేరేవాడు. ఊళ్లోకి తిరిగే చోట ఒక కల్వర్టు ఉంది, అక్కడ మలుపు ఇరుకు. ఫిలిప్ అక్కడ క్లచ్చు పట్టి గేరు తగ్గించేవాడు. అప్పుడు బండి చప్పుడు ఒక్క క్షణం కిందికి దిగి, మళ్లీ పైకి లేచేది. ప్రేమమ్మకు బండి గురించి ఏమీ తెలియదు గానీ ఆ దిగుడు తెలుసు. అది వినబడగానే చాయ్ గిన్నె పొయ్యి మీద పెట్టేది. ఆయన వాకిట్లో స్టాండు వేసేసరికి చాయ్ పొంగుతుండేది. పెళ్లయిన కొత్తలో సైకిలుకు ఈ వసతి లేదని, బండి కొన్నాకే తనకు వేడి చాయ్ దొరికిందని ఫిలిప్ అందరికీ చెప్పుకుని నవ్వేవాడు.

కరోనా రెండోసారి వచ్చినప్పుడు ఆయన పోయాడు. దవాఖానకు నడిచి వెళ్లిన మనిషి ప్లాస్టిక్ కవరులో వచ్చాడు. ముఖం చూడనివ్వలేదు. రోగం అంటుకుంటుందని చుట్టాలంతా చెవిలో పోరితే, ఆ భయంలో ప్రేమమ్మ ఆయన బట్టలు, దుప్పటి, చెప్పులు, చివరికి బైబిలు పెట్టుకునే గుడ్డ సంచి కూడా పెరట్లో వేసి కాల్చేసింది. మంట ఆరాక గానీ తెలియలేదు, ఆయన చెయ్యి తగిలింది ఇంట్లో ఒక్కటి కూడా మిగల్లేదని. బండి మిగిలింది. బండి ఇనుము కాబట్టి మిగిలింది.

ఆ తర్వాతి ఆదివారం ఆమె చీర కుచ్చిళ్లు ఎగదోపి, బండి గేరులో లేదని చెప్పే పచ్చ లైటు చూసుకుని, కిక్కు ఒక్క తన్ను తన్నింది. నాట్లేసిన కాళ్లు, బలానికేం తక్కువ. బండి అందుకుంది. స్టాండు మీదే కాసేపు మోగనిచ్చి, ఆపి, పోయి గంట కొట్టింది. అప్పటి నుంచి ఒక్క ఆదివారం తప్పలేదు. పెట్రోలు సీసాలో తెప్పించి పోసేది, తడిగుడ్డతో తుడిచేది, వానకు బరకం కప్పేది. చూసినవాళ్లు "అబ్బ, షోరూములో ఉన్నట్టే ఉన్నది వదినె" అంటుంటే ఆమె ముఖం వెలిగిపోయేది.

ఇదంతా బాగానే నడుస్తుండగా కూతురు షారోన్‌కు ఉద్యోగం వచ్చింది. ఏఎన్‌ఎం పని. పోస్టింగు మాత్రం ఎర్రగుంట అనే అడవంచు పల్లెలో. ఖానాపూర్ నుంచి ఆ దారికి ఒకటే బస్సు, అదీ పొద్దెక్కాక బుద్ధిపుడితే వస్తుంది. బాలింతలు, చంటిపిల్లలు ఆ బస్సు కోసం ఆగరు కదా. దవాఖాన పెద్దమేడం మెత్తగానే చెప్పింది: వచ్చే నెల నుంచి పొద్దున్నే సెంటర్లో ఉండు, లేదంటే అక్కడే గది తీసుకో. షారోన్ గది కూడా చూసి వచ్చింది. ఆ మాట విన్నాక ప్రేమమ్మకు ముద్ద దిగలేదు. ఇల్లంటే ఇద్దరు మనుషులు. అందులో ఒకరు పోతే మిగిలేది ఇల్లు కాదు, గోడలు.

ఒక సాయంత్రం షారోనే తల్లికి దారి చెప్పింది.

"అవ్వా, బాపు బండి ఉన్నది గదా. నాకు గేరు బండి నడుపొస్తది, లైసెన్సు ఉన్నది. రోజు పోయి రోజు ఇంటికొస్త."

ప్రేమమ్మకు ప్రాణం లేచొచ్చింది. "నడుస్తదే బిడ్డా! ఆదివారం ఆదివారం స్టార్ట్ జేస్తున్న, గుర్రం లెక్కున్నది!"

మరునాడు పొద్దున్నే గుర్రాన్ని వాకిట్లోకి దింపారు. షారోన్ ఎక్కి కూర్చుంది, కిక్కు కొట్టింది, మోగింది. ఎడమ చేత్తో క్లచ్చు నిండా పట్టింది, కాలితో గేరు వేసింది. క్లచ్చు పట్టాక కదలకూడని బండి ఒక్క ఎగురు ఎగిరి, కోళ్లను చెదరగొట్టి, నీళ్ల గాబును గుద్ది ఆగింది. గాబుకు బీట పడింది. షారోన్ మోకాలు దోక్కుపోయింది. ప్రేమమ్మ ఉరికొచ్చి కూతురి భుజం పట్టుకుంది. ఇన్నేళ్లుగా తను తుడిచి, మురిసి, ఊరందరికీ చూపించుకున్న బండి నడవదని ఆమెకు ఆ క్షణం దాకా తెలియదు.

దశరథాన్ని పిలిపించారు. బస్టాండు వెనక రేకుల షెడ్డు ఆయనది. పద్మశాలి. వయసులో ఉన్నప్పుడు సిరిసిల్లలో పవర్‌లూమ్ మరమగ్గాలు బాగుచేసేవాడు. ఆ మగ్గాల మోతకు, చాలీచాలని కూలికి విసిగి, ఇటు వచ్చి బండ్ల మీద పడ్డాడు. మాటకారి. మరమగ్గం కంటే తనకే మోత ఎక్కువని భార్య సక్కుబాయి అంటుంటుంది. ఫిలిప్ బతికున్నన్నాళ్లు ఈ బండి మీద దశరథాన్ని తప్ప ఇంకొకరిని చెయ్యి వెయ్యనివ్వలేదు.

"గీ మాత్రం దానికి పరేషాన్ ఎందుకు వదినె? క్లచ్చు వైరు పట్టేసింది. కొత్త వైరేస్తె గేరు వెన్న లెక్క పడ్తది," అన్నాడు రాగానే.

కొత్త వైరు వేశాడు. బండి మళ్లీ ఎగిరింది. ఈసారి కోళ్లు ముందే సర్దుకున్నాయి.

దశరథం ముఖం కాస్త చిన్నబోయింది. బండిని గేరులో పెట్టి, ఇంజన్ ఆపి, క్లచ్చు లివరు పట్టుకుని ముందుకూ వెనక్కీ నెట్టి చూశాడు. చక్రం కదలనంది.

"వైరు గాదు. లోపట ప్లేట్లు అంటుకున్నయి. వదినె, ఇన్నేండ్లల్ల ఎప్పుడన్న గీ క్లచ్చు పట్టినవా?"

"నేనెందుకు పడ్త? నేనేమన్న నడుపుతున్ననా?"

"ఎన్నడు పట్టలే?"

"స్టాండు మీదున్న బండికి క్లచ్చెందుకు తమ్మీ?"

దశరథం తల గోక్కున్నాడు. ఆమెకు అర్థమయ్యేలా రెండు అరచేతులూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూపించాడు. లోపల పళ్లేల్లాంటివి ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. క్లచ్చు పట్టినప్పుడల్లా అవి విడివడి, మధ్యలోకి ఆయిల్ పోతుంది. ఎవరూ పట్టకపోతే అవి అట్లాగే ఒత్తుకుని ఉంటాయి. వాటి మధ్య ఆయిల్ జిగురైపోతుంది. ఇంజన్ మోగినంత మాత్రాన అవి విడివడవు.

"ఆయిల్ ఎన్నడు మార్పిచ్చినవ్?" అని అడిగాడు చివరికి.

ప్రేమమ్మ బరకం మడతపెట్టడం మొదలుపెట్టింది. మడతపెట్టిన బరకాన్ని మళ్లీ విప్పింది.

"మార్చలే," అంది. "మార్చను గూడ. నువ్వేమన్న జేస్కో తమ్మీ, ఆయిల్ మాత్రం ముట్టద్దు."

"గదేంది వదినె?"

"గది మీ అన్న పోసిండు."

జ్వరం రావడానికి ముందు ఫిలిప్ చేసిన ఆఖరి పని అది. ఇదే వాకిట్లో కూర్చుని, స్టీలు గరాటా పెట్టి, కొత్త ఆయిల్ పోసి, చేతులు గడ్డి మీద తుడుచుకుని లోపలికి వచ్చాడు. కాల్చగలిగినవన్నీ కాలిపోయాయి. ఆ ఆయిల్ ఒక్కటి ఇంజన్ కడుపులో ఉండి మిగిలింది. ఈ మాట ఆమె ఎవరితోనూ అనలేదు, పాస్టరు తిమోతి గారితో కూడా. వింటే నవ్వుతారని కాదు, నవ్వకుండా ప్రార్థన చేస్తారని భయం.

దశరథం నవ్వలేదు. "సరే తియ్. ఆయిల్ ముట్టకుంట జూస్త," అన్నాడు. షారోన్ ఏదో అనబోతే కళ్లతోనే వారించాడు.

అప్పటి నుంచి ఆయన పడ్డ పాట్లు వీధంతా చూసింది. షెడ్డు నుంచి చీర అంచు పేలిక తెచ్చి, క్లచ్చు లివరును హ్యాండిలుకు దగ్గరగా నొక్కి, నేతగాళ్లు పోగులు ముడేసే పద్ధతిలో ముడేశాడు. ఆ ముడి లాగినకొద్దీ బిగుస్తుందే తప్ప జారదు. అట్లా పట్టి ఉంచితే ప్లేట్లు కొన్నిసార్లు వాటంతటవే విడివడతాయి. తెల్లారి వచ్చి చూస్తే లివరు పట్టి ఉంది, ప్లేట్లూ పట్టే ఉన్నాయి.

"కాక, ఇంజన్ మంచిగ గరం జేసి, నడుస్తున్న బండి మీద బ్రేకు కొడ్తె ఊడొస్తయట. ఫోన్ల జూసిన," అంది షారోన్.

"నేను గూడ అదే అనుకుంటున్న బిడ్డా. మా కాలంల ఫోను లేకుండె, తన్నులు తిని నేర్చుకున్నం," అన్నాడు దశరథం.

చర్చి ఆవరణ విశాలంగా ఉంటుందని బండిని అక్కడికి తోసుకుపోయారు. ఇంజన్ వేడెక్కాక దశరథం ఎక్కి కూర్చున్నాడు, వెనక నుంచి తల్లీకూతుళ్లు నెట్టారు, కదులుతున్న బండికి గేరు తగిలించాడు. ఇక చూడాలి. క్లచ్చు పట్టి ఉన్నా ఆగని బండి మీద, ఎక్సిలరేటరు పెంచుతూ, బ్రేకు నొక్కుతూ, వదులుతూ, కుదుపుకు ఒక కేక పెడుతూ దశరథం చర్చి చుట్టూ ప్రదక్షిణలు మొదలుపెట్టాడు. ఏదో గొడవని బయటికి వచ్చిన పాస్టరు తిమోతి గారు ఒక్క గెంతులో మళ్లీ మెట్లెక్కారు.

"దశరథం, ఏమిటిది?"

"ఆగుతలేదు పాస్టరుగారూ, జర జరుగుండ్రి!"

చివరికి తాళం తిప్పి, ఇంజన్ చంపి, బండి దిగాడు. చొక్కా తడిసి ముద్దయింది. ప్లేట్లు ఊడలేదు. నవ్వుతున్న షారోన్ ముఖంలో నవ్వు ఆరిపోయింది.

"ఇడువు కాక," అంది. "నెల దగ్గర పడ్డది. నేను గదే తీస్కుంట. బండి అవ్వ దగ్గరనే ఉండని." తల్లి వైపు తిరిగింది. "అవ్వా, బాపు ఆ ఆయిల్ల ఉన్నడా?"

అన్నాక తనకే బాధేసింది. తల దించుకుని ఇంటికి పోయింది. దశరథం హ్యాండిలు పట్టుకుంటే ప్రేమమ్మ వెనక నుంచి నెట్టి, బండిని మళ్లీ వాకిట్లోకి తెచ్చారు. కాసేపటికి లోపల మంచం కింది నుంచి బ్యాగు ఈడుస్తున్న చప్పుడు వినబడింది.

ప్రేమమ్మ వాకిట్లో బండి పక్కన నిలబడిపోయింది. దశరథం పానాలు సర్దుకుంటూ, మళ్లీ ఏదో గుర్తొచ్చి ఆగాడు. ఇంజన్ పక్కనున్న ఆయిల్ మూత తిప్పి, దానికి అంటుకుని వచ్చిన కొలత పుల్లను ఆమె ముందు పెట్టాడు. తారులా ఉంది. మాడిన వాసన.

"వదినె, ఒక్క మాట జెప్త, గరం గాకు. అన్న మూడు నెల్లు దాటనిచ్చెటోడు గాదు. ఒకసారి నేనే అన్న, పైసలు తక్వున్నయంటివి గదా, ఇంకో నెల గీ ఆయిల్ తోనె నడువని. ఎంత తిట్టిండనుకున్నవ్! 'దశరథం, నువ్వు పాసిన అన్నం తింటవా? మరి దానికెందుకు పెడ్తవ్?' అన్నడు. ఆరోజు బండి ఈన్నే వెట్టి పల్లెలకు నడుసుకుంట పోయిండు గని పాత ఆయిల్‌తోని నడపలే."

ప్రేమమ్మ ఆ పుల్ల కేసి చాలాసేపు చూసింది. ఫిలిప్ పోసినప్పుడు ఆయిల్ తేనె రంగులో ఉంది. గరాటాలో దిగుతుంటే తను గుమ్మంలో నిలబడి చూసింది కూడా. ఇది ఆ ఆయిల్ కాదు. తను దాచుకోబట్టే ఇట్లా అయింది.

ఆమె జీవితంలో మొదటిసారి ఆ క్లచ్చు లివరు పట్టుకుంది. ఎడమ చెయ్యి. ఫిలిప్ వేళ్లకు అరిగి, ఒక చోట నున్నగా పల్లం పడి ఉంది. ఇన్నేళ్లూ తుడిచినప్పుడు గుడ్డకే తగిలింది గానీ తన వేలికి తగల్లేదు. ఆ పల్లంలో ఆమె వేళ్లు సరిగ్గా కూర్చున్నాయి. అప్పుడు ఏడుపు వచ్చింది. బాగా ఏడ్చింది, దశరథం ముందే, కొంగు కూడా అడ్డం పెట్టుకోకుండా. దశరథం గాబు బీట వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆయన మౌనంగా ఉండటం ఆ వీధిలో అదే మొదటిసారి.

"తీసెయ్ తమ్మీ," అంది చివరికి.

పాత బేసిను కింద పెట్టి, దశరథం అడుగు బోల్టు వదులు చేసి, చెయ్యి తీశాడు. చివరి చుట్లు ప్రేమమ్మే వేళ్లతో తిప్పింది. నల్లటి ఆయిల్ గోరువెచ్చగా ఆమె వేళ్ల మీదుగా జారింది. ఆమె చెయ్యి వెనక్కి తీసుకోలేదు. లోపలి నుంచి షారోన్ వచ్చి, తల్లి పక్కన గొంతుక్కూర్చుని, ఆ చేతి మీద తన చెయ్యి వేసింది. ఇద్దరి చేతులూ నల్లబడ్డాయి.

కిక్కు రాడు, కాలు పెట్టే కమ్మీ, కుడిపక్క మూత విప్పాక క్లచ్చు బయటపడింది. స్ప్రింగులు తీసి దశరథం ప్లేట్ల కట్టను బయటికి లాగాడు. పెనానికి అంటుకున్న జొన్నరొట్టెల్లా ఉన్నాయి. బ్లేడు అంచు సందులో పోనిచ్చి, ఎక్కడా విరక్కుండా, ఓపిగ్గా ఒక్కొక్కటి విడదీశాడు. మగ్గం మీద చిక్కుపడ్డ పోగు తీసేవాడిలా పెదవి బిగబట్టి, ఊపిరి బిగబట్టి చేశాడు ఆ పని. ఇనుప ప్లేట్లను గరుకు కాగితంతో రుద్ది, పెట్రోలుతో కడిగాడు. రాపిడి ప్లేట్లను కొత్త ఆయిల్‌లో నానబెట్టి, చాయ్ తాగి, మళ్లీ వచ్చి పేర్చాడు. కొత్త ప్యాకింగు వేసి మూత బిగించాడు.

"గరాటా తే వదినె."

అదే స్టీలు గరాటా. ఈసారి పోసింది షారోన్. తేనె రంగు ఆయిల్ దారంలా దిగింది.

"గిది గూడ బిడ్డ పోసిందని దాస్కునేవు," అన్నాడు దశరథం. "మూడు నెల్లకు ఒచ్చి నేనే ఊడగొడ్త, సూడు మల్ల."

ప్రేమమ్మ తడికళ్లతోనే నవ్వింది.

షారోన్ కిక్కు కొట్టింది. క్లచ్చు పట్టింది. కోళ్లు దూరం జరిగాయి. గేరు వేసింది. టక్కున పడింది. బండి నిలబడిన చోటే నిలబడి, అటూ ఇటూ కదలక, బుద్ధిగా మోగుతోంది. షారోన్ వేళ్లు మెల్లగా వదిలితే, మెల్లగా కదిలి వాకిలి దాటింది.

పాత ఆయిల్‌ను దశరథం అడక్కుండానే ఒక సీసాలో పోసి గుమ్మంలో పెట్టి పోయాడు. ప్రేమమ్మ దాన్ని ట్రంకుపెట్టెలో దాచలేదు. మరునాడు నిచ్చెన వేయించుకుని, చర్చి గంట ఊగే ఇరుసుకు పట్టించింది. ఎన్నో ఏళ్లుగా కిర్రుమంటున్న ఇరుసు అది. ఫిలిప్ కూడా చాలాసార్లు నూనె వెయ్యాలి, వెయ్యాలి అంటూ వెయ్యకుండానే పోయాడు.

ఆ తర్వాతి ఆదివారం పల్స్ పోలియో. చీకటితోనే షారోన్ చుక్కల మందు డబ్బా భుజాన తగిలించుకుని, తొలిసారి ఆ బండెక్కి ఎర్రగుంట పోయింది. వీధి ఇంకా నిద్రలో ఉంది, ఆ చప్పుడును ఎవరూ లెక్కలో వేసుకోలేదు. ఆరాధన వేళకు వాకిట్లో బండి మోగలేదు. గంట మాత్రం మోగింది, కిర్రుమనకుండా, నిండుగా. ఇవాళ బండి మోగందే గంటెందుకు మోగిందని సగం సంఘం ఇళ్లల్లోనే తర్జనభర్జన పడి, మొదటి పాట అయిపోయాక ఒక్కొక్కరూ వచ్చారు. పాస్టరు తిమోతి గారు కళ్లజోడు పైనుంచి ప్రేమమ్మ వైపు చూశారు. ఆమె చూడనట్టు పాటల పుస్తకం తిరగేసింది.

సాయంత్రం ఆమె వాకిట్లో కూర్చుని చిక్కుడుకాయలు ఈనె తీస్తోంది. మనసంతా దారి మీదే ఉంది. అడవి దారి, కొత్త చెయ్యి, పాత బండి. ఏదన్నా అయితే నేనే కదా పంపించింది అని లోలోపల ఒకటే గుబులు. ఇన్నేళ్లూ ఆ బండి చప్పుడు ఈ వాకిట్లోనే పుట్టి, ఈ వాకిట్లోనే ఆగేది. దాని కోసం ఎదురుచూడాల్సిన పని ఉండేది కాదు. ఎదురుచూడటం ఎట్లా ఉంటుందో ఆమె మరిచిపోయింది.

పొద్దుగూకుతుండగా దూరంగా వినబడింది. చేతిలో కాయ అట్లాగే ఆగింది. చప్పుడు దగ్గరయింది. కల్వర్టు దాకా వచ్చింది. మలుపు దగ్గర ఒక్క క్షణం కిందికి దిగి, మళ్లీ పైకి లేచింది.

ప్రేమమ్మ లేచి లోపలికి పోయి, చాయ్ గిన్నె పొయ్యి మీద పెట్టింది.